గ్రీన్‌కార్డ్ దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా ఇండియా వెళ్లొచ్చా? టికెట్ కొనేముందు చూసుకోవాల్సినవి ఇవే

ఊళ్లో నాన్నకు ఒంట్లో బాగోలేదు. లేదంటే చెల్లెలి పెళ్లి ముహూర్తం కుదిరింది. మీరేమో అమెరికాలో ఉన్నారు, గ్రీన్‌కార్డ్ దరఖాస్తు పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు విమానం ఎక్కొచ్చా?

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అందరికీ సరిపోయే సమాధానం దీనికి లేదు. మామూలుగా అమెరికా వదిలి వెళ్లడానికి పెద్ద అడ్డంకి ఉండదు. చిక్కంతా తిరిగి రావడంలోనే ఉంది. సరైన పత్రం లేకుండా దేశం దాటితే, దరఖాస్తును మీ అంతట మీరే వదులుకున్నట్టు లెక్కేస్తారు. ఏళ్ల తరబడి ఎదురుచూసి వేసిన దరఖాస్తు ఒక్క ప్రయాణంతో పోతుంది.

అందుకే 'వెళ్లొచ్చా?' అని అడిగే ముందు 'ఏ పత్రంతో తిరిగి వస్తాను?' అని అడగాలి. దానికి సమాధానం మీ వీసా రకాన్ని బట్టి, మీరు ఇప్పుడు ఏ అనుమతితో పని చేస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది.

ముందు ఏ దశలో ఉన్నారో చూడండి

ఉద్యోగం ఆధారంగా వచ్చే గ్రీన్‌కార్డ్‌కు సాధారణంగా మూడు మెట్లు ఉంటాయి. మొదటిది పెర్మ్ అని పిలిచే లేబర్ సర్టిఫికేషన్. రెండోది కంపెనీ మీ తరఫున వేసే ఐ-140 పిటిషన్. మూడోది మీరు సొంతంగా వేసే ఐ-485. అమెరికాలో ఉంటూనే శాశ్వత నివాస హోదాకు మారతానని కోరే దరఖాస్తు ఇది.

మొదటి రెండు మెట్ల మీద ఉన్నప్పుడు మీ ప్రయాణం వల్ల గ్రీన్‌కార్డ్ ప్రక్రియకు నష్టం రాదు. అవి కంపెనీ వేసినవి. తిరిగి రావడానికి చెల్లుబాటయ్యే వీసా ఉంటే చాలు.

'వదులుకున్నట్టు' అనే నిబంధన ఐ-485 వేసిన రోజు నుంచి మొదలవుతుంది. పెళ్లి ద్వారా గ్రీన్‌కార్డ్ కోరుతూ అమెరికాలోనే ఐ-485 వేసినవారికీ ఇదే వర్తిస్తుంది.

భారతీయులకు ఇది ఎందుకు పెద్ద సమస్య?

ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఒక్కో దేశంలో పుట్టినవారికి మామూలుగా 7 శాతం పరిమితి ఉంది. ఇండియా నుంచి దరఖాస్తులు ఎక్కువ కాబట్టి ఈబీ-2, ఈబీ-3 క్యూలు ఏళ్లకేళ్లు సాగుతున్నాయి.

ఐ-485 వేసే అవకాశం వచ్చినంత మాత్రాన కార్డు వెంటనే రాదు. 2020 అక్టోబర్‌లో వీసా బులెటిన్‌లో దాఖలు తేదీ ఒక్కసారిగా ముందుకు జరగడంతో, ఈబీ-3లో 2015 జనవరి 1కి ముందు ప్రాధాన్య తేదీ ఉన్న భారతీయులకు ఐ-485 వేసే వీలు కలిగింది. చాలామంది అప్పుడు వేశారు. తర్వాత తేదీలు వెనక్కి వెళ్లడంతో వారిలో ఎంతోమంది ఏళ్ల తరబడి పెండింగ్‌లోనే ఉండిపోయారు. అన్నేళ్లపాటు తల్లిదండ్రులను చూడకుండా ఉండటం ఎవరికైనా కష్టమే. అందుకే ప్రయాణ నిబంధనలు తెలిసి ఉండాలి.

అడ్వాన్స్ పెరోల్ అంటే ఏమిటి?

పెరోల్ అనగానే మనకు జైలు గుర్తొస్తుంది. ఇక్కడ దానితో సంబంధం లేదు. 'నా ఐ-485 పెండింగ్‌లో ఉంది, బయటికి వెళ్లి వస్తాను, దరఖాస్తును అలాగే ఉంచండి' అని ముందుగా తీసుకునే అనుమతే అడ్వాన్స్ పెరోల్. దీనికి ఐ-131 ఫారం నింపి అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు పంపాలి.

ఇక్కడ మూడు విషయాలు మర్చిపోవద్దు.

ఒకటి, అనుమతి పత్రం మంజూరయ్యాకే దేశం దాటాలి. ఐ-131 రసీదు అనుమతి కాదు. రసీదు పట్టుకుని బయల్దేరితే పెరోల్ దరఖాస్తు కూడా తిరస్కరణకు గురికావచ్చు.

రెండు, మీరు తిరిగి వచ్చే రోజుకు పత్రం గడువు మిగిలి ఉండాలి. వెళ్లే రోజుకు ఉంటే సరిపోదు. రెన్యువల్ వేసినంత మాత్రాన పాత పెరోల్ గడువు దానంతటదే పెరగదు.

మూడు, కుటుంబంలో ఐ-485 వేసిన ప్రతి ఒక్కరికీ విడిగా పెరోల్ ఉండాలి. భర్త పెరోల్ మీద భార్య, పిల్లలు రాలేరు.

ఫీజు సంగతి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐ-485 వేసినవారు ఐ-131కి విడిగా 630 డాలర్లు కట్టాలి. అంతకు ముందు పూర్తి ఫీజుతో ఐ-485 వేసి, ఇంకా పెండింగ్‌లో ఉన్నవారికి ఈ ఫీజు లేదు. 2025 అక్టోబర్ నుంచి పెరోల్ మీద వచ్చేవారికి 1,000 డాలర్ల కొత్త ఫీజు పెట్టారు. అయితే ఐ-485 పెండింగ్‌లో ఉండి, తాత్కాలిక ప్రయాణం ముగించుకుని వచ్చేవారికి చట్టంలోనే మినహాయింపు ఉంది.

ఒకప్పుడు పని అనుమతి, పెరోల్ రెండూ ఒకే కార్డులో వచ్చేవి. ఇప్పుడు ఎక్కువగా విడివిడిగా వస్తున్నాయి. పని అనుమతి కార్డు, అంటే ఈఏడీ, చేతికి రాగానే ప్రయాణానికి కూడా పనికొస్తుందని అనుకోవద్దు. దాని మీద పెరోల్‌గా చెల్లుతుందన్న మాట రాసి లేకపోతే అది ఉద్యోగానికే.

హెచ్-1బీ, ఎల్-1 వారికి మినహాయింపు

అందరికీ పెరోల్ తప్పనిసరి కాదు. హెచ్-1బీ, ఎల్-1 హోదాలో ఉన్నవారు, వారిపై ఆధారపడి హెచ్-4, ఎల్-2 మీద ఉన్న కుటుంబ సభ్యులు పెరోల్ లేకుండానే వెళ్లి రావొచ్చు. కె-3, కె-4, వి వీసాల వారికి కూడా ఈ వెసులుబాటు ఉంది.

దీనికి షరతులున్నాయి. తిరిగి వచ్చేటప్పటికి అదే రకం వీసా చెల్లుబాటులో ఉండాలి. అదే హోదాకు ఇంకా అర్హులై ఉండాలి. హెచ్-1బీ, ఎల్-1 వారైతే అదే యజమాని దగ్గర పని కొనసాగించడానికి వస్తూ ఉండాలి. హెచ్-4 మీద ఉన్నవారి విషయం, భర్త లేదా భార్య హెచ్-1బీ హోదా నిలబడి ఉండటంపై ఆధారపడుతుంది.

ఈ జాబితాలో లేని వీసాలను గమనించండి. ఎఫ్-1 విద్యార్థులు, ఓపీటీ మీద ఉద్యోగం చేస్తున్నవారు, బి-2 సందర్శకులు, ఓ-1 వీసాదారులు ఇందులో లేరు. వీరు ఐ-485 వేశాక పెరోల్ లేకుండా దేశం దాటితే దరఖాస్తు పోయినట్టే. పాస్‌పోర్ట్‌లో ఎఫ్-1 వీసాకు ఇంకా రెండేళ్ల గడువున్నా ఇంతే.

ఒకే ఇల్లు, మూడు సమాధానాలు

ఒక ఉదాహరణ చూద్దాం. డల్లాస్‌లో ఉంటున్న ఒక కుటుంబం. భర్త హెచ్-1బీ మీద పని చేస్తున్నారు. భార్య హెచ్-4. కొడుకు 21 ఏళ్లు నిండటంతో ఎఫ్-1కి మారి కాలేజీలో చదువుతున్నాడు. చట్టం లెక్క ప్రకారం అతడి వయసు ఇంకా 21 లోపే కాబట్టి అతడి ఐ-485 కూడా నడుస్తోంది.

ముగ్గురూ సంక్రాంతికి గుంటూరు వెళ్లాలనుకుంటున్నారు. పాస్‌పోర్ట్‌లో హెచ్-1బీ స్టాంపింగ్ చెల్లుబాటులో ఉంటే భర్త పెరోల్ లేకుండానే వెళ్లి రావొచ్చు. హెచ్-4 స్టాంపింగ్ ఉంటే భార్య కూడా అంతే. కొడుకు మాత్రం పెరోల్ చేతికి వచ్చేదాకా కదలకూడదు. కదిలితే అతడి ఐ-485 పోతుంది. వయసు దాటిన పిల్లలకు ఆ అవకాశం మళ్లీ దొరక్కపోవచ్చు.

ఇదే భర్త హెచ్-1బీ వదిలేసి, ఐ-485 ఆధారంగా వచ్చిన ఈఏడీతో వేరే కంపెనీలో చేరారనుకుందాం. అప్పుడు ఆయన హెచ్-1బీ హోదాలో లేరు. పాస్‌పోర్ట్‌లో పాత వీసా మెరుస్తూ కనిపిస్తున్నా అది పనికిరాదు. ఆయనకూ పెరోల్ కావాలి. భార్య హెచ్-4 హోదా కూడా ప్రశ్నార్థకమవుతుంది.

స్టాంపింగ్ గడువు ముగిస్తే?

హెచ్-1బీ ఆమోదం, వీసా స్టాంపింగ్ రెండూ వేర్వేరు. ఆమోదం ఉంటే అమెరికాలో పని చేయొచ్చు. బయటికి వెళ్లి రావాలంటే పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ ఉండాలి. అది ముగిస్తే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ వంటి చోట కొత్తది వేయించుకోవాలి.

ఇప్పుడు ఇబ్బంది ఇక్కడే పెరిగింది. 2025 సెప్టెంబర్ 2 నుంచి హెచ్-1బీ రెన్యువల్‌కు డ్రాప్‌బాక్స్ సౌకర్యం తీసేసి, ఇంటర్వ్యూకు రావాలన్నారు. అదే నెలలో, సొంత దేశంలోనో నివాసం ఉంటున్న దేశంలోనో మాత్రమే అపాయింట్‌మెంట్ తీసుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ సూచించింది. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలైంది. దాంతో ఇండియాలో అప్పటికే ఖరారైన అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడ్డాయి. రెండు వారాల సెలవు మీద వచ్చినవారు ఇక్కడే చిక్కుకుపోయారు.

ఇలాంటప్పుడు చేతిలో అడ్వాన్స్ పెరోల్ ఉంటే కాన్సులేట్ గడప తొక్కకుండానే తిరిగి వెళ్లొచ్చు. ఉద్యోగ పరంగా కూడా ఇది ఒక రక్షణ. మీరు ఇండియాలో ఉండగా కంపెనీ లేఆఫ్ చేస్తే హెచ్-1బీ వీసాతో తిరిగి వెళ్లడానికి ఆధారం ఉండదు. పెరోల్ మాత్రం యజమానితో ముడిపడిన పత్రం కాదు. అందుకే హెచ్-1బీ మీద ఉన్నవారు కూడా ఐ-485తో పాటే ఐ-131 వేసి ఉంచుకోవడం మంచిది.

పెరోల్ మీద వెళ్లొస్తే ఏం మారుతుంది?

పెరోల్ మీద వచ్చినవారు హెచ్-1బీ హోదాలో ప్రవేశించినట్టు కాదు. రికార్డుల్లో పెరోలీగా ఉంటారు. ఐ-94లో సాధారణంగా 'డీఏ' అని, ఏడాది గడువుతో నమోదవుతుంది. పాత కంపెనీలోనే ఉంటే, హెచ్-1బీ ఆమోదం గడువు ఉన్నంతవరకు అక్కడ పని కొనసాగించవచ్చు. తర్వాత కంపెనీ పొడిగింపు వేసి ఆమోదం పొందితే తిరిగి హెచ్-1బీ హోదాలోకి రావొచ్చు.

ఇందులో ఒక రిస్క్ ఉంది. ఏ కారణంతోనైనా ఐ-485 తిరస్కరణకు గురైతే, హెచ్-1బీలో ఉన్నవారికి నిలబడటానికి ఒక ఆధారం ఉంటుంది. పెరోలీగా ఉన్నవారికి అది బలహీనం. కాబట్టి రెండూ చెల్లుబాటులో ఉన్నప్పుడు చాలామంది లాయర్లు హెచ్-1బీ మీదే రమ్మంటారు. విమానాశ్రయంలో అధికారికి ఏ పత్రం మీద ప్రవేశం కోరుతున్నారో స్పష్టంగా చెప్పండి. వచ్చాక ఐ-94ను ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసి, ఏమని నమోదైందో చూసుకోండి.

పెరోల్ పత్రం ప్రవేశానికి గ్యారంటీ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. తుది నిర్ణయం సరిహద్దు అధికారిదే. పక్క గదిలో కూర్చోబెట్టి మరోసారి పత్రాలు చూడటం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. అయితే కనెక్టింగ్ విమానానికి సమయం ఎక్కువ ఉంచుకోండి.

ఇంట్లో అత్యవసరమైతే?

పెరోల్ ఇంకా రాలేదు. ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడేం చేయాలి?

అమెరికాలో ఉండగానే యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్ 1-800-375-5283కి ఫోన్ చేసి, అత్యవసర అడ్వాన్స్ పెరోల్ కోసం స్థానిక ఫీల్డ్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ అడగాలి. నింపిన ఐ-131, ఫొటోలు, ఐ-485 రసీదు, పాస్‌పోర్ట్, వర్తిస్తే ఫీజు సిద్ధంగా ఉంచుకోవాలి. అత్యవసరాన్ని చూపే ఆధారాలు కూడా కావాలి. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద డాక్టర్ రాసిచ్చిన లేఖలో రోగి పేరు, జబ్బు, పరిస్థితి తీవ్రత ఉండేలా చూడండి. మరణం సంభవిస్తే ధ్రువీకరణ పత్రం లేదా ఆస్పత్రి ఇచ్చిన పత్రం తెప్పించుకోండి. రోగికి, మీకు ఉన్న బంధుత్వాన్ని చూపే జనన ధ్రువీకరణ పత్రం వంటిది జత చేయాలి. పత్రాలు తెలుగులో ఉంటే పూర్తి ఇంగ్లిష్ అనువాదం, కింద అనువాదకుల ధ్రువీకరణ తప్పనిసరి.

ఆధారాలు బలంగా ఉంటే త్వరగా దొరకవచ్చు. కానీ ఇస్తారన్న హామీ లేదు. కడచూపుకు అందకపోతే పెద్దకర్మకైనా చేరాలన్న తొందరలో అనుమతి లేకుండా విమానం ఎక్కినవారు, ఇండియా నుంచి దాన్ని సరిచేసుకోలేరు. ఐ-131 వేసే సమయానికి మీరు అమెరికాలో ఉండాల్సిందే. పెద్దవయసు తల్లిదండ్రులు ఉన్నవారు అవసరం పడకముందే పెరోల్ తీసుకుని, గడువు ముగిసే ముందే రెన్యువల్ వేస్తూ ఉండటం దీనికి ఉన్న అసలు పరిష్కారం.

లాయర్‌ను అడగకుండా కదలకూడనివారు ఎవరు?

గతంలో ఎప్పుడైనా వీసా గడువు దాటి ఉన్నవారు, అరెస్ట్ అయినవారు, తాగి డ్రైవింగ్ లేదా షాప్‌లిఫ్టింగ్ కేసు ఎదుర్కొన్నవారు, బహిష్కరణ ప్రక్రియలో ఉన్నవారు. వీరి చేతిలో పెరోల్ ఉన్నా సరే, ముందు న్యాయ సలహా తీసుకోవాలి. కేసు కొట్టేశారు కదా అన్న ధీమా సరిహద్దులో పనిచేయకపోవచ్చు.

అక్రమంగా 180 రోజులకు మించి ఉండి దేశం వదిలితే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉండి వదిలితే పదేళ్లు తిరిగి రాకుండా నిషేధం ఉంటుంది. దీనిపై 2012లో అమెరికా ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఒక కీలక తీర్పు ఇచ్చింది. గడువు దాటి ఉండిపోయిన ఒక భారతీయ దంపతులు, గ్రీన్‌కార్డ్ పెండింగ్‌లో ఉండగా పెరోల్ తీసుకుని, వృద్ధులైన తల్లిదండ్రులను చూడటానికి ఇండియా వెళ్లి వచ్చారు. అది పదేళ్ల నిషేధానికి దారితీసే 'నిష్క్రమణ' కిందకు రాదని బోర్డు తేల్చింది. ఇప్పటికీ లాయర్లు ఈ తీర్పును ఆధారంగా చూపిస్తారు. అయితే ఇది పెరోల్ మీద వెళ్లినవారికే వర్తిస్తుంది. మిగతా లోపాలను మాఫీ చేయదు.

ఇండియాలో ఉండగా నోటీసు వస్తే?

ఐ-485 వేశాక బయోమెట్రిక్స్ కోసం వేలిముద్రల అపాయింట్‌మెంట్ వస్తుంది. అది మిస్ అయితే, ముందుగా వాయిదా కోరకపోతే, దరఖాస్తును వదిలేసినట్టు భావించవచ్చు. వీలైతే అది అయ్యాకే బయల్దేరండి. అదనపు ఆధారాలు కోరే నోటీసులకు గడువు ఉంటుంది కాబట్టి, మీరు లేనప్పుడు పోస్ట్ తెరిచి చూసి చెప్పే మనిషిని ఒకరిని పెట్టుకోండి. ఆన్‌లైన్ ఖాతాను కూడా రోజూ చూడండి.

మీరు ఇండియాలో ఉండగానే గ్రీన్‌కార్డ్ మంజూరైతే సంతోషమే. కానీ ఆ రోజు నుంచి మీ హోదా మారిపోతుంది. కార్డు అమెరికాలోని చిరునామాకు వస్తుంది. తిరిగి ఏ పత్రంతో ప్రయాణించాలో లాయర్‌తో మాట్లాడి, విమానాశ్రయంలో అధికారికి కార్డు మంజూరైన విషయం చెప్పండి.

టికెట్ దగ్గర జాగ్రత్తలు

కెనడా, మెక్సికో వెళ్లినా విదేశాలకు వెళ్లినట్టే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను నయాగరా చూపించడానికి తీసుకెళ్లి, వంతెన దాటి కెనడా వైపు అడుగుపెడితే అదీ విదేశీ ప్రయాణమే. బహామాస్ వైపు వెళ్లే క్రూజ్ కూడా అంతే. హవాయి, ప్యూర్టోరికో మాత్రం అమెరికాలో భాగం.

వీసా ముగిసి, పెరోల్ మీద వస్తున్నవారు విమానం ఎక్కడ మారుతుందో చూసుకోవాలి. కొన్ని యూరప్ దేశాలు, బ్రిటన్ భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవారిని విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా అడుగుతాయి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే ఇచ్చే మినహాయింపు పెరోల్ పత్రానికి వర్తించకపోవచ్చు. టికెట్ కొనేముందు ఆ దేశ నిబంధన, ఎయిర్‌లైన్ సమాధానం రెండూ తెలుసుకోండి. శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్‌లో పెరోల్ ఒరిజినల్ చూపాల్సి ఉంటుంది. ఫోన్‌లో ఫొటో సరిపోదు.

బయల్దేరే ముందు ఒక్కసారి

• ఇంట్లో ఒక్కొక్కరి పేరు రాసి, ఎదురుగా 'తిరిగి వచ్చే పత్రం' ఏమిటో రాయండి. ఒక్కరి ఎదుట ఖాళీ ఉన్నా టికెట్ ఆపండి.
• ఆ పత్రం గడువు తిరుగు ప్రయాణం తర్వాత కూడా ఉందా? విమానం వాయిదా పడితే సరిపోతుందా?
• ఇప్పుడు పని చేస్తున్నది హెచ్-1బీ మీదా, ఈఏడీ మీదా?
• బయోమెట్రిక్స్, ఇంటర్వ్యూ నోటీసులు ఏమైనా రావాల్సి ఉన్నాయా?
• పాస్‌పోర్ట్, పెరోల్ ఒరిజినల్, ఐ-485 రసీదు, ఐ-797 ఆమోదం, కంపెనీ లేఖ, ఇటీవలి పే స్లిప్పులు చేతి సంచిలో పెట్టుకున్నారా? చెక్-ఇన్ లగేజీలో వద్దు.

ఒకవేళ తెలియక వెళ్లి ఐ-485 పోగొట్టుకుంటే అంతా పోయినట్టేనా? ఆమోదం పొందిన ఐ-140 ఉంటే సాధారణంగా ప్రాధాన్య తేదీ నిలిచే ఉంటుంది. కానీ తిరిగి రావడానికి వీసా సంపాదించాలి. తేదీ మళ్లీ అందుబాటులోకి వచ్చేదాకా ఆగి, ఫీజులు కట్టి, వైద్య పరీక్షలు చేయించుకుని కొత్తగా దరఖాస్తు వేయాలి. ఐ-485 మీద వచ్చిన పని అనుమతి కూడా దానితోపాటే పోతుంది.

ఇది సాధారణ సమాచారం మాత్రమే. నిబంధనలు, ఫీజులు మారుతుంటాయి. ప్రయాణానికి ముందు యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్ చూసి, మీ కేసు వివరాలతో ఇమిగ్రేషన్ లాయర్‌ను సంప్రదించండి. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో 'మేం వెళ్లొచ్చాం, ఏం కాలేదు' అని చెబితే, ఆయన ఏ వీసా మీద, ఏ పత్రంతో వెళ్లొచ్చారో ముందు అడగండి.